చెత్త పన్ను ఎత్తేశారు సరే, చెత్త ఎత్తరా?
కౌన్సిలరమ్మ జవాబులు

సంక్రాంతి సంచిక కోసం మీ ప్రశ్నలన్నీ కట్టగట్టి పంపారు సంపాదకులు. పోస్టుకార్డులు మూడే, మిగతావన్నీ వాట్సాప్‌లో వచ్చినవి. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఓ మాట. నేను గోదావరి డెల్టాలో ఓ మున్సిపాలిటీకి వార్డు కౌన్సిలర్‌ని. 2021 మార్చిలో గెలిచాను, 2026 మార్చికి ఐదేళ్లూ నిండుతాయి. ఊరి పేరు, పార్టీ పేరు రాయను. ఊరి పేరు రాస్తే మా ఆఫీసులో నాకు టీ ఇవ్వడం మానేస్తారు. పార్టీ పేరు రాస్తే మీలో సగం మంది ఇక్కడితో చదవడం మానేస్తారు.

మా వీధి డ్రైన్‌లో ఏడాదికి రెండుసార్లు పూడిక తీస్తున్నారు. అయినా గంట వాన పడితే నీళ్లు గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి. పని సరిగ్గా చెయ్యడం లేదా, డబ్బు తినేస్తున్నారా? – ఓ గృహిణి, పాలకొల్లు

రెండూ అయ్యుండొచ్చండి. కానీ మూడో కారణం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మా వార్డులోనూ ఇదే గోల. గెలిచిన మొదటి ఏడు ఆగస్టులో ఓ సాయంత్రం రెండు గంటలు కుండపోత. గొడుగేసుకుని డ్రైన్ దగ్గరికి వెళ్లాను. మా పారిశుధ్య మేస్త్రీ అప్పటికే మోకాలి లోతు నీళ్లలో నిలబడి వెదురు గెడతో కల్వర్టు కింద పొడుస్తున్నాడు. గెడకి తగులుకుని ఓ కొబ్బరి డొక్క, పసిపిల్లల డైపరు, ఎవరిదో ఎడమకాలి చెప్పు పైకొచ్చాయి. అడ్డం పోయింది, ఇక నీళ్లు లాగేస్తాయి అనుకున్నాను. నీటి మీద చిన్న థర్మోకోల్ ముక్క తేలుతోంది. అది ముందుకి పోవాల్సింది పోయి, మెల్లగా మా వైపే రావడం మొదలెట్టింది. ‘‘ఇదేంటి బాబూ, వెనక్కొస్తోంది?’’ అన్నాను. ‘‘ఇయ్యాళ అమావాస్య కదమ్మా, పోటు మీదుంది. ఆటు వస్తేగానీ లాగదు’’ అన్నాడు. అంతవరకూ నేను సముద్రాన్ని అంతర్వేది తీర్థంలో తప్ప పట్టించుకున్నదాన్ని కాదు. అది మా వీధి చివరిదాకా వస్తోందని ఆ రోజే తెలిసింది.

మన నేల పళ్లెంలా చదును. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ పద్ధతి ఒకటే. సాగునీటి కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. మీ వీధి డ్రైను ఊరి పెద్ద డ్రైన్‌లో కలవాలి, అది బయట ఉన్న మేజర్ డ్రెయిన్‌లో కలవాలి, అది సముద్రంలో కలవాలి. మొదటి రెండూ మున్సిపాలిటీవి. మూడోది జలవనరుల శాఖది. అక్కడ గుర్రపుడెక్క దుప్పటి పరిచినట్టు ఉంటుంది, గట్లు ఆక్రమణల్లో సన్నబడిపోయాయి, సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేస్తుంది. మేం మా హద్దు రాయి దాకా శుభ్రంగా పూడిక తీసి చేతులు దులుపుకుంటాం. నీళ్లకి హద్దు రాయి తెలీదు కదా. ముందు దారి లేకపోతే ఎక్కడివక్కడ నిలబడతాయి.

దీని మీద మా కౌన్సిల్‌లో మూడుసార్లు తీర్మానం చేయించాను. మూడుసార్లూ ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. మూడోసారి తారీఖు తప్ప మిగతా ఉత్తరమంతా మొదటిదే.

ఇక డబ్బు తినేయడం సంగతి. ఊరికే అనుమానపడకండి, లెక్క అడగండి. పూడిక పనికి ఎం-బుక్ అని కొలతల పుస్తకం ఉంటుంది, ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారో అందులో రాయాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెడితే నకలు ఇస్తారు. ఇంకొకటి మీ కళ్లతోనే చూడొచ్చు. తీసిన బురద గట్టు మీదే కుప్పగా వదిలేశారా, ట్రాక్టర్‌లో ఎత్తుకెళ్లారా? గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి దిగుతుంది. రెండోసారి పూడికకి అదే బురద, బిల్లు మాత్రం కొత్తది.

చెత్త పన్ను ఎత్తేశారు సరే, చెత్త ఎత్తరా? – విశ్రాంత ఉద్యోగి, మండపేట

శీర్షిక మీదేనండి, నచ్చి పైన పెట్టేశాను.

చెత్తకి నెలనెలా ఇంటింటి నుంచీ వసూలు చెయ్యాలని 2021లో వచ్చింది. మా కౌన్సిల్‌లో దానికి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. కొత్తగా గెలిచాం, ఎజెండా చదవడం రాదు. పైగా అది టేబుల్ ఎజెండాగా వచ్చింది. అంటే మీటింగులో కూర్చున్నాక అప్పటికప్పుడు చేతికిచ్చే కాగితం. పక్కావిడ ఎత్తింది, నేనూ ఎత్తాను. ఆ తర్వాత మూడేళ్లపాటు మా వార్డులో ఏ గుమ్మంలోకి వెళ్లినా ఆ చెయ్యే గుర్తుచేసేవారు. 2024లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు, నాకూ పెద్ద బరువు దిగింది.

కానీ చెత్త బండికి డీజిల్ పోయాలి, టైరు మార్చాలి, కార్మికుడికి జీతం ఇవ్వాలి. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, జనరల్ ఫండ్ నెత్తిన పడింది. జనరల్ ఫండ్ అంటే ముఖ్యంగా మీ ఇంటి పన్ను. అదీ 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని నిబంధన. కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని ముందే ముడేసి పంపుతారు. ఆ డబ్బుతో కొత్త బండి కొన్నంత తేలిగ్గా పాత బండికి డ్రైవర్‌ని పెట్టలేం. మా షెడ్డులో కొత్త బండ్లు టైర్లు దిగిపోయి నిలబడి ఉండటానికి కారణం అదే. ఓ బండి సీటు మీద పిల్లి పిల్లల్ని పెట్టింది. వార్డు సచివాలయం కుర్రాడు ఫొటో తీసి గ్రూపులో పెడితే కమిషనర్ గారికి కోపం వచ్చింది, బండి మీద కాదు, ఫొటో మీద.

మీ వార్డులో బండి ఏ రోజు రాలేదో తారీఖులు క్యాలెండర్ మీద గీత పెట్టండి. ‘అసలు రావట్లేదు’ అంటే ఎవరూ వినరు. ‘డిసెంబరులో 11 రోజులు రాలేదు’ అంటే శానిటరీ ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు తెరవాల్సిందే.

అడిగినందుకు ఏమనుకోకండి. నిర్ణయాలు మీరే తీసుకుంటారా, మీ వారా? – డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

ఏమీ అనుకోనమ్మా. నిజంగానే మొదటి ఆరు నెలలు ఆయనే.

మావారికి డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. మా సీటు మహిళలకి రిజర్వు అయింది కాబట్టి నన్ను నిలబెట్టారు. గెలిచాక దండలు ఇద్దరికీ వేశారు, ముందు ఆయనకి. ఫైళ్లు నేరుగా షెడ్డుకే వెళ్లేవి. సాయంత్రం ఇంటికొచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టు’ అనేవారు. ఓసారి రోడ్డు పని కాగితం మీద నల్లటి బొటనవేలి ముద్ర కనబడింది, ఇంజన్ ఆయిలుది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ ముద్ర కింద నా పేరు అచ్చేసి ఉంది. ‘ఈ రోడ్డు ఎక్కడిది?’ అని అడిగితే ఆయనకీ తెలీదు. కాంట్రాక్టరు చెప్పాడు, పెట్టించారు, అంతే.

మర్నాటి నుంచి ఫైళ్లు ఇంటికే పంపమని ఆఫీసులో చెప్పాను. ‘సార్‌ని అడిగి పంపిస్తాం మేడమ్’ అన్నాడు గుమస్తా. ఏ సార్‌నో అడగలేదు నేను. పది రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత మావారే ఓ మాట అన్నారు, ‘‘నువ్వు పోయి గొడవ పడితే నా ఇంజన్ల గిరాకీ పోతోంది’’ అని. కొంత నిజమే, రెండు బేరాలు పోయాయి.

రాజ్యాంగం స్థానిక సంస్థల్లో మహిళలకి మూడో వంతు తగ్గకూడదంది, మన రాష్ట్రం సగం ఇచ్చింది. పార్లమెంటుకీ అసెంబ్లీలకీ మూడో వంతు ఇస్తామని 2023లో 106వ సవరణ చేశారు. కానీ జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు. ఆ రోజొచ్చేసరికి నువ్వు పోటీకి వయసు వచ్చినదానివి అవుతావు. అప్పుడు మాత్రం ఫైళ్లు ఎవరి షెడ్డుకీ పోనివ్వకు.

వేసవి వస్తే కుళాయి నీళ్లు పచ్చగా, నాచు వాసనతో వస్తున్నాయి. తాగొచ్చా? – ఓ తల్లి, నరసాపురం

ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్లో వదులుతారు. ఆ మధ్యలో ఊరంతా తాగేది ముందే నింపి ఉంచిన మంచినీటి చెరువు నీళ్లే. ఎండకి చెరువు తగ్గేకొద్దీ నాచు పెరుగుతుంది. అడుగు నీళ్లు తోడేకొద్దీ వాసన.

రంగు చూసి భయపడటం కన్నా క్లోరిన్ చూడండి. కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మీ వార్డు సచివాలయంలో క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి. రాకపోతే కాచి తాగండి. ట్యాంకుకి దగ్గరి ఇంట్లో కాదు, లైను చిట్టచివరి ఇంట్లో పరీక్ష చెయ్యమనండి. మా దగ్గర రోజూ పరీక్ష చేసినట్టు రాసేవారు. తర్వాత తెలిసింది, ఆ ఇల్లు ట్యాంకు కాపలాదారుది.

పోయిన నెల మీరు అమెరికా సుంకాల గురించి రాశారు. ముందు మీ వార్డు డ్రైన్లు చూసుకోండి. ఢిల్లీ, వాషింగ్టన్ మీకెందుకు? – ఓ పాఠకుడు, భీమవరం

చూసుకుంటున్నానండి, పైన చదివే ఉంటారు.

భీమవరంలో ఉండి మీరు ఈ ప్రశ్న అడగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మా వార్డు నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి రెండు వ్యాన్లు బయల్దేరేవి. ఒక్కోదాంట్లో ఇరవై మందికి తక్కువ ఉండేవారు కాదు, అంతా ఆడవాళ్లే. రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి. కిలోల లెక్కన కూలి. చలికి, ఐసు నీళ్లకి వేళ్లు పాలిపోయి ముడతలు పడిపోతాయి. నా దగ్గరికి ఆధార్ అప్‌డేట్ అని వస్తే మొదట చెప్పేది ‘వేలిముద్ర పడటం లేదమ్మా’ అనే.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27న మరో 25 కలిపింది. అప్పటికి మొత్తం 50 శాతం అయింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అక్కడే. ప్లాంటువాళ్లు చెరువు దగ్గర రేటు తగ్గించారు, రైతులు రొయ్యల పట్టుబడి వాయిదా వేసుకున్నారు. మా వీధిలోకి రెండు వ్యాన్ల బదులు ఒకటే రావడం మొదలైంది. వారానికి ఆరు రోజుల పని మూడు రోజులైంది. సెప్టెంబరులో ఇంటి పన్ను నోటీసులు పంచడానికి వెళ్తే ఓ ఇంట్లో ఆవిడ నోటీసు తీసుకుని, చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టింది. ‘‘వ్యాను వచ్చాక కడతానమ్మా’’ అంది. ఆ పన్ను రాకపోతే నా డ్రైన్‌కి డబ్బు లేదు. ఇప్పుడు చెప్పండి, వాషింగ్టన్ నా వార్డులో ఉందా లేదా?

మనవైపు తప్పూ ఉంది. సరుకంతా ఒక్క దేశాన్నే నమ్ముకుని పెంచాం. మనవాళ్లు మాత్రం రొయ్య పెద్దగా తినరు, ఆదివారం కోడి ఉండాల్సిందే. చెరువు నీళ్లు మార్చినప్పుడల్లా తెచ్చి కాలువలోకి వదిలేస్తాం. ఈ మాట అంటే ఆక్వా రైతులకి కోపమొస్తుంది. మా అన్నయ్య కూడా ఆక్వా రైతే, పండక్కి వస్తే ఎలాగూ తిడతాడు.

ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఏది వినాలి? – కొత్తగా పెళ్లయిన జంట, రామచంద్రపురం

మీ ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినండి చాలు.

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం తెచ్చారు. మా వీధిలో ఒకావిడకి ప్రజల్లో మంచి పేరు, నాకన్నా బాగా మాట్లాడుతుంది. మూడో కాన్పు అయిందని ఆవిడ పేరు పక్కన పెట్టేశారు. లేకపోతే ఈ శీర్షిక ఆవిడే రాసుండేది. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ఆవిడకి చెబితే ‘‘ఇప్పుడు తీసి ఏం లాభం, ఆ మూడోవాడు ఇంజనీరింగ్ కూడా అయిపోయాడు’’ అంది.

ఇలా మాట మారడానికి సగం కారణం ఢిల్లీ లెక్క. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో 1971 జనాభా ప్రకారం ఆపి ఉంచారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా అంతే. ఆ జనగణనకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, అందులో కులం కూడా రాస్తారు. కేవలం జనాభానే కొలబద్ద చేస్తే, చెప్పిన మాట విని ఇద్దరితో ఆపిన దక్షిణాది రాష్ట్రాల వాటా తగ్గుతుంది. మన 25 సీట్లు పేరుకి 25గానే ఉన్నా సభలో బలం పలచబడుతుంది. ఇది అన్యాయమని నేనంటాను. కానీ దానికి మందు ఆడవాళ్ల కడుపులో వెతకడం మరీ అన్యాయం. సీట్ల లెక్క పార్లమెంటులో తేల్చుకోవాలి. మూడో బిడ్డ పుడితే అంగన్‌వాడీ గదిలో ఇంకో చాప వేసే చోటు ఉందో లేదో ముందు చూడమనండి. మా వార్డులో లేదు.

ఒకే దేశం, ఒకే ఎన్నిక మంచిదేనా? – లారీ యజమాని, తాడేపల్లిగూడెం

సగం. ఎన్నికల కోడ్ వస్తే టెండర్లు ఆగిపోతాయి, పనులు ఆగిపోతాయి. మా వార్డు కల్వర్టు కోడ్ వల్ల ఓ వేసవి మొత్తం ఇనుప చువ్వలు బయటికి పెట్టుకుని పడి ఉంది, ఓ ఆవు కాలు విరిగింది. ఆ లెక్కన ఒకేసారి అయిపోవడం మేలు.

మాజీ రాష్ట్రపతి కోవింద్ కమిటీ 2024 మార్చిలో ఏం చెప్పిందంటే, లోక్‌సభకీ అసెంబ్లీలకీ ఒకేసారి పెట్టి, మున్సిపాలిటీలకీ పంచాయతీలకీ వంద రోజుల్లోపు పెట్టమని. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో పెట్టిన బిల్లులో మాత్రం స్థానిక సంస్థల ఊసు లేదు. నా భయం ఆ వంద రోజుల గురించే. పెద్ద ఎన్నిక గాలి ఇంకా తగ్గకుండానే మా ఎన్నిక వస్తే, డ్రైన్ గురించి అడిగేవాడు ఉండడు. గెలిచిన జెండా ఏదైతే దానికే గుద్దేస్తారు.

కోడిపందాల మీద మీ అభిప్రాయం? – పేరు రాయలేదు, ఊరూ రాయలేదు

పేరు రాయలేదంటేనే మీకు చట్టం తెలుసన్నమాట. జంతుహింస చట్టం 1960ది, మన గేమింగ్ చట్టం 1974ది. రెండూ పండగ మూడు రోజులూ సెలవు పెట్టినట్టే ఉంటాయి.

నన్నూ ఏటా బరి దగ్గరికి పిలుస్తారు, వెళ్లను. సంప్రదాయం అంటారు. గుండాట జూదపు బల్లలు, ఫ్లడ్ లైట్లు, బరి పక్కనే మందు సంప్రదాయంలో ఎప్పుడు చేరాయో మా నాన్నకే గుర్తులేదు. కనుమ మర్నాడు ఉదయం మా పారిశుధ్య ఆడవాళ్లు ఆ సీసాలు, బిర్యానీ ప్లేట్లు, ఈకలు ఎత్తుతారు. వాళ్లకి పండగ అప్పుడు కూడా ఉండదు. పందెం గెలిచినవాళ్లు తలా వంద వాళ్ల చేతిలో పెట్టినా ఆ మూడు రోజులూ నోరు మూసుకుంటాను.

కోటిపల్లి–నరసాపురం రైలు మా బతుకులో చూస్తామా? – 74 ఏళ్ల పెద్దాయన, అమలాపురం

మీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో మంజూరైన లైను అది. ఆయన 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. మూడు పాయలు దాటాలి, గౌతమి, వైనతేయ, వశిష్ఠ. ప్రతి పాయకీ ఓ వంతెన, ప్రతి వంతెనకీ ఓ బడ్జెట్. రాష్ట్రం తన వాటా ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం సరిపడా కేటాయించలేదని రాష్ట్రం. మీకు ఆశ పెట్టి అబద్ధం చెప్పలేను బాబాయ్ గారూ. నీళ్లలో లేచిన స్తంభాలు మాత్రం చూశాను, బాగున్నాయి. మీరు వాకింగ్ మానకండి.

మా వీధిలో మూడో స్తంభం లైటు నెల రోజులుగా ఆరుతూ వెలుగుతూ ఉంది. సచివాలయంలో చెప్పాను, ఎవరూ రాలేదు. కౌన్సిలర్ గారు కంటికి కనబడరు. – ఓ వార్డు వాసి

వదినా, చేతిరాత గుర్తుపట్టాను. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఆరు గుమ్మాలు. పత్రికకి కార్డు రాసే బదులు కేకేస్తే సరిపోయేది. పైగా ఆ కార్డు హైదరాబాద్ పోయి తిరిగి నా దగ్గరికి రావడానికి 12 రోజులు పట్టింది.

అందిన రాత్రే టార్చి పట్టుకుని వెళ్లి చూశాను, లైన్‌మన్ కూడా వచ్చాడు. బల్బు బాగానే ఉంది. అక్టోబరులో మొంథా తుపానుకి విరిగి వేలాడుతున్న కొబ్బరి మట్ట ఒకటి గాలికి ఊగి వైరుకి తగులుతోంది. చెట్టు మీదే. దింపువాడికి చెప్పాను, కనుమ వెళ్లాక వస్తాడు. గేటు తాళం తీసి ఉంచండి, కుక్కని కట్టెయ్యండి.